పాత పికప్‌కి మైలేజీ పెంచాలంటే: ఇంజిన్ విప్పే ముందు చక్రం తిప్పి చూడండి

మా బొలెరో పికప్ 2011 మోడల్. చర్లపల్లిలో ప్లాస్టిక్ దానా బస్తాలు ఎక్కించుకుని జీడిమెట్లలో దించి రావడం దాని రోజువారీ పని. బస్తా 25 కిలోలు, 50 బస్తాలు వేస్తే పన్నెండున్నర క్వింటాళ్లు. రెండేళ్ల కిందట ఉన్నట్టుండి దాని ఆవరేజ్ పడిపోయింది. లీటరుకు పన్నెండు దాకా ఇచ్చేది కాస్తా తొమ్మిదిన్నరకు దిగింది. ఒక వర్క్‌షాపులో చూపిస్తే ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ పోయాయన్నారు. నాలుగూ విప్పి బాగుచేసి బిల్లు చేతిలో పెట్టారు. ఇంజిన్ చప్పుడు కాస్త మెత్తబడిన మాట నిజమే, ఆవరేజ్ మాత్రం ఉన్నచోటే ఉంది.

నెల తర్వాత ఎడమ వెనక చక్రం పంక్చరైంది. పంక్చర్ వేసి చక్రం మళ్లీ బిగించాక, బండి ఇంకా జాకీ మీద ఉండగానే ఆ కుర్రాడు చక్రాన్ని చేత్తో తిప్పబోయి ఆగిపోయాడు. "అన్నా, ఇది తిరుగుతలేదు. హ్యాండ్‌బ్రేక్ వేసినవా?" అన్నాడు. వేయలేదు, బండి కింద రాళ్లు పెట్టుకున్నాం. లోపల బ్రేక్ లైనర్ డ్రమ్ముని పట్టుకునే ఉంది. అంటే అన్ని నెలలూ నేను ఒక కాలు యాక్సిలరేటర్ మీద, ఇంకో కాలు బ్రేక్ మీద పెట్టి నడిపినట్టే.

అప్పటినుంచి నాదొక వరస. డబ్బు పెద్దగా పెట్టనక్కర్లేనివి, చేత్తో చూసి తేల్చుకోగలిగినవి ముందు. డీజిల్ పంపు, నాజిల్స్, ఇంజిన్ అన్నిటికన్నా చివర. చాలా షాపుల్లో దీన్ని తలకిందులుగా చేస్తారు, ఎందుకంటే బిల్లు పెద్దగా వచ్చేది ఇంజిన్ దగ్గరే.

ఇది ముఖ్యంగా పది పన్నెండేళ్లు దాటిన డీజిల్ బండ్ల గురించి. బొలెరో పికప్ అయినా, అశోక్ లేలాండ్ దోస్త్ అయినా, టాటా ఏస్ అయినా వరస ఇదే.

మొదట అసలు ఆవరేజ్ ఎంతో తేల్చండి

"నీ బండి ఎంతిస్తుంది?" అని అడిగితే ఎక్కువమంది నోటిలెక్కే చెబుతారు. వెయ్యి రూపాయల డీజిల్‌కి ఇన్ని ట్రిప్పులు వచ్చాయంటారు. అది లెక్క కాదు. ట్యాంకులో అంతకుముందు ఎంత ఉందో, ఇప్పుడెంత మిగిలిందో అందులో ఉండదు.

ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్ దాకా చూడాలి. ఒకే బంకు, వీలైతే అదే గన్ను, అదే వాలులో బండి. గన్ను తనంతట తాను టక్కున ఆగిన దగ్గరే ఆపించండి. "రౌండ్ ఫిగర్ చేద్దామా అన్నా" అంటూ ఇంకాస్త నొక్కుతారు చూడండి, అక్కడే లెక్క తప్పుతుంది. మీటర్ రీడింగ్ రాసుకోండి. కనీసం మూడు నాలుగు వందల కిలోమీటర్లు మామూలుగా పని చేసుకోండి. మళ్లీ అక్కడే నింపించి, పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగించండి.

నా పుస్తకంలో మొదటి పేజీ ఇది: 1,84,312 నుంచి 1,84,726. అంటే 414 కిలోమీటర్లు. పట్టింది 42.6 లీటర్లు. లీటరుకు 9.7.

అదీ పూర్తి నిజం కాదని తర్వాత తెలిసింది. టైర్లు అరిగితే చక్రం చుట్టుకొలత తగ్గుతుంది, అదే దూరానికి చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది, మీటర్ ఎక్కువ చూపిస్తుంది. విజయవాడ హైవే మీద కిలోమీటరు రాళ్లు చూస్తూ పోతే పది రాళ్లు దాటేసరికి నా మీటర్ 10.4 చూపించింది. ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని చూసినా చాలు. ఆ లెక్కన 414 అన్నది నిజానికి 398. అంటే లీటరుకు 9.3 మాత్రమే. కొత్త టైర్లు వేయించిన వెంటనే "మైలేజీ తగ్గిపోయింది" అని గాబరా పడేవాళ్ల సంగతీ ఇదే. తగ్గింది మైలేజీ కాదు, మీటర్ అబద్ధం.

బంకు మీద అనుమానం ఉంటే మనసులో పెట్టుకుని తిట్టుకోనక్కర్లేదు. తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలపాత్ర ప్రతి బంకులోనూ ఉంటుంది. అడిగితే అందులో కొట్టి చూపించాలి. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల లోపు తేడా ఉంటే పర్వాలేదు, దాటితే ఫిర్యాదు చేయొచ్చు.

ఇంత లెక్క ఎందుకంటారా? రోజుకు 80 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు అనుకోండి. 2,080 కిలోమీటర్లు. 9.5 ఇచ్చే బండి దానికి 219 లీటర్లు తాగుతుంది, 12 ఇచ్చే బండి 173. తేడా 45 లీటర్ల పైనే. డీజిల్ లీటరు 95 రూపాయలు వేసుకున్నా నెలకు నాలుగు వేలు దాటింది. బండి కిస్తీలో అదో భాగం.

ఇంకో మాట. ఒక్కసారి ఒక్క పనే చేయించండి, తర్వాత ఒక ట్యాంకు నడిపి చూడండి. నాలుగు పనులు ఒకేసారి చేయిస్తే దేనివల్ల లాభం వచ్చిందో జన్మలో తెలియదు.

చక్రాలు: నేను మోసపోయిన చోటు

పొద్దున్నే ఖాళీగా, చదునుగా ఉన్న రోడ్డు చూసుకోండి. వెనకాముందు ఎవరూ లేనప్పుడు 40 స్పీడులో న్యూట్రల్ చేసి, బ్రేక్ ముట్టకుండా వదిలేయండి. ఇంజిన్ మాత్రం నడుస్తూనే ఉండాలి. 20కి దిగేలోపు బండి ఎంత దూరం పోయిందో కరెంటు స్తంభాలు లెక్కపెట్టండి. అదే రోడ్డులో తిరుగు దిశలోనూ చేసి రెండింటి సగటు రాసుకోండి, అప్పుడు గాలి, వాలు తేడాలు కొట్టుకుపోతాయి. బండి స్వేచ్ఛగా దొర్లుతోందా, ఎక్కడైనా పట్టేస్తోందా అన్నది ఇంజిన్‌తో సంబంధం లేకుండా తేలిపోతుంది. మా బండి బ్రేకులు బాగుచేయించకముందు నాలుగు స్తంభాలు కూడా దాటేది కాదు. తర్వాత ఆరోది దాటి పోయింది.

ఎక్కడ పడుతోందో తెలుసుకోవడానికి చేతివేళ్లు చాలు. పది కిలోమీటర్లు వీలైనంత తక్కువ బ్రేక్ వాడుతూ నడిపి ఆపండి. నాలుగు చక్రాల దగ్గరికీ వెళ్లి రిమ్ముకు అంగుళం దూరంలో అరచెయ్యి పెట్టండి. ముట్టుకోవద్దు, కాలుతుంది. మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి సెగ కొడుతుంటే దొంగ దొరికినట్టే. అనుమానంగా ఉంటే డ్రమ్ము మీద నాలుగు నీటి చుక్కలు చల్లండి. చుయ్యిమంటే అక్కడ పని ఉంది.

ఆ తర్వాత జాకీ. గట్టి నేల మీద, మిగతా చక్రాలకు ముందూ వెనకా రాళ్లో కొయ్య ముక్కలో పెట్టి, ఒక్కో చక్రం లేపండి. హ్యాండ్‌బ్రేక్ వదిలి, న్యూట్రల్‌లో ఉంచి చేత్తో గట్టిగా తిప్పి వదలండి. ముందు డిస్క్ బ్రేకులకు సన్నగా సర్‌ర్‌మని రాసుకుంటే తప్పేం లేదు, కానీ ఒకటి రెండు చుట్లయినా తిరగాలి. వెనక చక్రం డిఫరెన్షియల్‌ని, షాఫ్టుని కూడా తిప్పాలి కాబట్టి కాస్త బరువుగానే ఉంటుంది. కుడికీ ఎడమకూ తేడా ఉందా లేదా అన్నదే చూడాలి. జాకీ మీద ఉన్న బండి కిందికి మాత్రం దూరకండి.

పట్టేస్తే కారణాలు ఇవీ. వెనక వైపైతే హ్యాండ్‌బ్రేక్ కేబుల్ తుప్పుపట్టి వెనక్కి రాకపోవడం, లైనర్లు మరీ దగ్గరగా అడ్జస్ట్ చేయడం, లోపలి స్ప్రింగు సాగిపోవడం, వీల్ సిలిండర్ బిగుసుకుపోవడం. ముందు వైపైతే డిస్కుని నొక్కి పట్టే క్యాలిపర్ పిన్నులు ఎండిపోవడం. వాటిని తీసి తుడిచి, బ్రేకులకు వాడే గ్రీసు రాస్తే సరిపోతుంది. మామూలు గ్రీసు రాస్తే రబ్బర్లు ఉబ్బి మళ్లీ మొదటికి వస్తుంది.

చాలామందికి తట్టనిది ఒకటుంది. పాత రబ్బరు బ్రేక్ పైపు బయటికి శుభ్రంగానే కనిపిస్తుంది, లోపల మాత్రం ఉబ్బి దారి సన్నబడుతుంది. కాలితో తొక్కినప్పుడు ఆయిల్ బలంగా వెళ్తుంది, వదిలినప్పుడు మెల్లగా గానీ వెనక్కి రాదు. చక్రం పట్టేసి ఉన్నప్పుడే క్యాలిపర్ దగ్గరి బ్లీడింగ్ నట్టు కొంచెం వదులు చేయించండి. చిటుక్కున ఆయిల్ చిమ్మి చక్రం వదిలేస్తే తప్పు పైపుదో పైనున్న మాస్టర్ సిలిండర్‌దో అవుతుంది, క్యాలిపర్‌ది కాదు. బ్రేకుల పని తెలిసిన మేస్త్రీ చేతే చేయించండి, ఇది యూట్యూబ్ చూసి నేర్చుకునే చోటు కాదు.

చక్రం లేపినప్పుడే పైనా కిందా పట్టుకుని ఊపండి. కదిలితే బేరింగ్ లూజు. తిప్పుతుంటే గరగరమంటే బేరింగ్ అయిపోయింది. మరీ బిగించినా పట్టేస్తుంది, అది ఇంకా ప్రమాదం.

టైర్లు

గాలి చల్లటి టైరులో చూడాలి. పొద్దున బండి తీయకముందో, రెండు మూడు కిలోమీటర్లలోపో. ఎంత ఉండాలన్నది డోరు దగ్గరి స్టిక్కర్ మీదో, బండితో వచ్చిన పుస్తకంలోనో ఉంటుంది. ఖాళీకి వేరు, లోడుకు వేరు, ముందుకు వేరు, వెనకకు వేరు. పంక్చర్ షాపులో "ఎంత కొట్టాలన్నా" అంటే "నువ్వే చూడు" అనడం మన అలవాటు. అతను అన్నిటికీ ఒకటే కొట్టేస్తాడు. మంచి గేజ్ ఒకటి కొని డాష్‌బోర్డులో పడేసుకోండి. పక్కపక్కనే ఉన్న రెండు షాపుల గేజ్‌ల మధ్య ఐదారు పాయింట్ల (పీఎస్ఐ) తేడా నేను చూశాను.

మైలేజీ కోసమని రాసినదానికన్నా పది పాయింట్లు ఎక్కువ కొట్టించేవాళ్లున్నారు. వానకు తడిసిన ఫ్లైఓవర్ మీద ఖాళీ బండికి బ్రేక్ వేసిన రోజు ఆ తెలివి దిగిపోతుంది. నైట్రోజన్ గురించి అడుగుతారు. దానివల్ల మైలేజీ పెరగదు, మామూలు గాలైనా సమయానికి చూసుకుంటే చాలు.

వీల్ అలైన్‌మెంట్‌కి ఖర్చు లేని పరీక్ష ఉంది. ముందు టైరు మీద అరచేత్తో అడ్డంగా లోపలి నుంచి బయటికి, మళ్లీ బయటి నుంచి లోపలికి నిమరండి. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపం పళ్లలా గరుకుగా తగిలితే టైరు దొర్లడం లేదు, ఈడ్చుకుపోతోంది. మన దగ్గర వానాకాలం దాటాక ప్రతి బండికీ ఇది ఒకసారి చూడాల్సిందే. రోడ్డు మీద నీళ్లు నిలిస్తే గుంత ఎక్కడుందో తెలియదు, దిగాకే తెలుస్తుంది.

టైర్లు మార్చే సమయమే వస్తే నైలాన్ బదులు రేడియల్ ఆలోచించండి, తేలిగ్గా దొర్లుతుంది. ఒకే యాక్సిల్ మీద ఒకటి అది, ఒకటి ఇది మాత్రం వేయొద్దు. వెనక దిమ్మెల్లాంటి గుబ్బలున్న లగ్ టైర్లు మట్టి రోడ్లకూ ఇసుక, కంకర పనులకూ బాగుంటాయి. సిటీలో తారు రోడ్ల మీద తిరిగే బండికి వాటివల్ల డీజిల్ దండగ.

థర్మోస్టాట్ తీసేశారేమో చూడండి

ఇది మన హైదరాబాద్‌లో ఇంటింటి కథ. ఏదో ఒక మే నెలలో బండి వేడెక్కుతుంది. ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపే థర్మోస్టాట్ వాల్వ్‌ని మేస్త్రీ పీకి పక్కన పడేసి "మన ఎండలకు ఇదెందుకన్నా" అంటాడు. వేడెక్కడం తగ్గుతుంది, అందరూ సంతోషం. ఇక ఆ బండి ఇంజిన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు.

డీజిల్ ఇంజిన్ సరిగ్గా మండాలంటే నీళ్లు సుమారు 80 డిగ్రీలు దాటి ఉండాలి. చల్లగా ఉంటే డీజిల్ సగం సగం మండుతుంది, ఆయిల్ చిక్కగా ఉండి లోపలి భాగాలు తిరగడానికే ఎక్కువ బలం కావాలి. డీజిల్‌ని కంప్యూటర్ లెక్కగట్టి పంపే కామన్ రైల్ బండ్లలో ఆ కంప్యూటర్ "ఇంజిన్ ఇంకా చల్లగా ఉంది" అనుకుని లెక్క మార్చేస్తుంది కూడా. డిసెంబరులో తెల్లవారుజామున బోయినపల్లి మార్కెట్‌కి ఖాళీగా పోయే బండైతే దారిపొడుగునా చల్లటి ఇంజిన్‌తోనే పోతుంది.

ఉందో లేదో విప్పకుండానే తెలుసుకోవచ్చు. రాత్రంతా ఆగిన బండిని పొద్దున స్టార్ట్ చేసి, రేడియేటర్ పై పైపుని చేత్తో పట్టుకుని చూస్తూ ఉండండి. ఫ్యాను రెక్కలకూ బెల్టుకూ చెయ్యి, చొక్కా అంచు తగలకుండా జాగ్రత్త. వాల్వ్ బాగుంటే ఇంజిన్ వేడెక్కుతున్నా పైపు కొన్ని నిమిషాలు చల్లగానే ఉంటుంది. తర్వాత ఒక్కసారిగా వేడి తగులుతుంది. అప్పుడే వాల్వ్ తెరుచుకుందన్నమాట. మొదటి నిమిషం నుంచే పైపు కొంచెం కొంచెంగా వెచ్చబడుతూ వస్తే వాల్వ్ లేదు, లేదా తెరిచి ఉండిపోయింది. మా బండిలో లేనే లేదు. ముందు ఓనరు కాలంలోనే పోయిందట.

కొత్త వాల్వ్, దాని ప్యాకింగ్ పెద్ద ఖర్చేం కాదు, రాణిగంజ్‌లో దొరుకుతుంది. కానీ వాల్వ్ వేయడానికి ముందు బండి అప్పుడు ఎందుకు వేడెక్కిందో చూడాలి: రేడియేటర్ మూసుకుపోయిందా, ఫ్యాను బెల్టు వదులా, మూత ప్రెషర్ పట్టడం లేదా, కూలెంట్ బదులు బోరు నీళ్లు పోశారా. మన బోరు నీళ్ల ఉప్పు రేడియేటర్‌ని ఏం చేస్తుందో ఇంట్లో గీజర్ విప్పి చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. అసలు జబ్బు వదిలేసి వాల్వ్ వేస్తే ఎండాకాలంలో హెడ్ గ్యాస్కెట్ ఖర్చు నెత్తిన పడుతుంది. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయొద్దని వేరే చెప్పాలా?

కారడం, పీల్చడం

డీజిల్ కారితే పెట్రోల్‌లా ఆవిరై పోదు, దుమ్ముని పట్టుకుని నల్లటి జిడ్డులా కూర్చుంటుంది. ఫిల్టర్ చుట్టూ, పంపు కింద, ముఖ్యంగా నాజిల్స్ మీద ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లే సన్నటి రిటర్న్ పైపుల దగ్గర చూడండి. గుడ్డతో శుభ్రంగా తుడిచి ఒక ట్రిప్పు తిరిగి రండి. ఎక్కడ మళ్లీ తడి కనిపిస్తే అక్కడే. రాత్రి బండి కింద పాత అట్టపెట్టె విప్పి పరిచి, పొద్దున చుక్కలు చూడటం ఇంకా తేలిక. ట్యాంకు మూత రబ్బరు చినిగితే స్పీడు బ్రేకర్లకు డీజిల్ చిందుతుంది. ట్యాంకు పక్కన చారికలుంటే మూత మార్చండి.

ఎయిర్ ఫిల్టర్ మార్చగానే మైలేజీ రెండు మూడు పెరుగుతుందనేది వట్టి మాట. కానీ మరీ మూసుకుపోతే గాలి చాలక నల్లపొగ వస్తుంది, బండి గుంజదు, మనం ఇంకా తొక్కుతాం. ఫిల్టర్ తీసి లోపల ఫోన్ టార్చ్ పెట్టి చూడండి. వెలుతురు కాగితం గుండా కనిపించకపోతే పారేయండి. గాలి కొట్టేటప్పుడు లోపలి నుంచి బయటికి, దూరం నుంచి కొట్టాలి. కంప్రెసర్ గన్ను ఆనించి కొడితే కాగితం చిల్లులు పడి దుమ్మంతా ఇంజిన్‌లోకి పోతుంది, తర్వాత పిస్టన్ రింగుల ఖర్చు.

టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపేది) ఉన్న బండ్లలో అసలు దొంగ టర్బో నుంచి ఇంజిన్‌కి వెళ్లే రబ్బరు పైపు. అది కింది వైపు చీలుతుంది, పై నుంచి చూస్తే కనిపించదు. లోడు మీద ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఉస్స్‌మని గాలి పోయే చప్పుడు, వెనక నల్లపొగ, ముందున్నంత పికప్ లేకపోవడం. ఈ మూడూ కలిసి ఉంటే ఇంజిన్ ఆపి, చల్లారాక, పైపుని వంచి, చుట్టూ తడిమి చూడండి. మరకలా ఆయిల్ తడి ఉన్నచోట చీలిక ఉంటుంది.

క్లచ్ సంగతి ఒక్క నిమిషంలో తేలుతుంది. ఎదుట ఏమీ లేని చోట హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, బ్రేక్ తొక్కి పట్టి, మూడో గేరు వేసి క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ ఢక్కున ఆగిపోవాలి. ఆగకుండా నడుస్తూనే ఉంటే ప్లేటు జారుతోంది. పదే పదే చేయకండి, ఉన్న ప్లేటు కూడా కాలుతుంది.

ఇప్పుడు పంపు, నాజిల్స్

ఇవన్నీ అయ్యాకే ఇక్కడికి రండి. పొగ రంగు చూస్తే సగం తెలుస్తుంది. ఇంజిన్ వేడెక్కాక కూడా నల్లపొగ అయితే గాలి తక్కువ, లేదా డీజిల్ ఎక్కువ. తెల్లపొగ అయితే డీజిల్ మండకుండా పోతోంది: టైమింగ్, నాజిల్, లేదా కంప్రెషన్. నీలిపొగ అయితే ఇంజిన్ ఆయిల్ మండుతోంది.

పాత పంపు బండ్లలో ఒక సరదా జరుగుతుంది. బండి గుంజడం లేదని అంటే మేస్త్రీ పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచుతాడు. రెండు రోజులు బండి గుర్రంలా పోతుంది. తర్వాత నల్లపొగ, పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర తలనొప్పి, ఆవరేజ్ నేలకు. పంపు సీలు తెగి ఉందా చూడండి. తెగి ఉంటే పంపు టెస్టింగ్ బెంచ్ ఉన్న షాపులోనే మళ్లీ కంపెనీ లెక్కకు సెట్ చేయించండి. చెవితో విని సెట్ చేస్తానన్నవాడికి దండం పెట్టి వచ్చేయండి. నాజిల్స్ కూడా అంతే, విప్పాక మీ ఎదుటే టెస్టర్ మీద పెట్టి చూపించమనండి. తుంపర మంచులా సమంగా పడాలి, ఆగాక కొనన చుక్క వేలాడకూడదు. ముగ్గురు బాగున్నప్పుడు ఒక్కడి కోసం నలుగుర్నీ మార్చనక్కర్లేదు. నేను మార్పించాను, అందుకే చెబుతున్నాను.

ట్యాపెట్ సెట్టింగ్ (వాల్వుల సందు సరిచేయడం) చాలాకాలంగా చేయించకపోతే అదీ ఇప్పుడే చేయించండి. డీజిల్ ఫిల్టర్ కింద నీళ్లు దిగే స్క్రూ ఉంటుంది, వానాకాలంలో అప్పుడప్పుడు వదలండి. ఇంజిన్ ఆయిల్ పుస్తకంలో రాసిన గ్రేడే పోయండి. పాత బండి కదా అని మరీ చిక్కటిది పోస్తే ఇంజిన్ దాన్ని చిలకడానికే కష్టపడుతుంది.

ఇంత చేసినా కదలకపోతే, ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత మెల్లగా తీసి చూడండి. రైలింజన్‌లా బుస్సు బుస్సుమని పొగ తన్నుతుంటే రింగులు అరిగిపోయాయి. కంప్రెషన్ గేజ్ పెట్టించి అన్ని సిలిండర్ల అంకెలూ రాయించుకోండి. అప్పుడు లెక్క వేరే: ఓవర్‌హాలింగ్ ఖర్చు నెలకు మిగిలే డీజిల్‌తో ఎన్నాళ్లకు తీరుతుందో వేసుకుని, ఆ బండికి అంత ఆయుష్షు ఉందా అని చూడాలి.

అయస్కాంతాలు, ట్యాంకులో వేసే మాత్రలు, లైటర్ సాకెట్‌లో పెట్టే "ఫ్యూయల్ సేవర్" డబ్బాలు కొనకండి. డ్రమ్ముల్లో చవగ్గా అమ్మే "బయోడీజిల్", కిరసనాయిలు కలపడం అంతకన్నా వద్దు. లీటరుకు పది మిగిలినట్టుంటుంది, పంపు పోతే వేలు పోతాయి.

నడిపే చెయ్యి

నడిపేది మా బావమరిది. అతనితో ఈ మాట ఎత్తితే "నాకు నేర్పుతవా బావా" అన్నాడు. వారం రోజులు పక్కన కూర్చున్నాను, ఏమీ అనకుండా రాసుకున్నాను. సిగ్నళ్ల దగ్గర, లోడింగ్ దగ్గర, టీ బండి దగ్గర, కాటా దగ్గర క్యూలో ఇంజిన్ ఊరికే నడిచిన సమయం కలిపితే రోజుకు గంటా పది నిమిషాలు వచ్చింది. ఇలాంటి డీజిల్ ఇంజిన్ ఊరికే నడిస్తే గంటకు అర లీటరు నుంచి ముప్పావు దాకా తాగుతుంది. నెలకు పదిహేను లీటర్లు గాలికి పోయినట్టే. ఆ కాగితం చూపించాక అతనే ఆగినచోటల్లా తాళం తిప్పి ఇంజిన్ ఆపడం మొదలుపెట్టాడు. సెల్ఫ్ మోటారు, బ్యాటరీ బాగుంటేనే ఇది. పొద్దున స్టార్ట్ చేశాక పది నిమిషాలు వేడి చేయడం కూడా పాత అలవాటే. అర నిమిషం చాలు, తర్వాత మొదటి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా పోనివ్వండి. టర్బో బండిని లోడు మీద గట్టిగా నడిపి వచ్చినప్పుడు మాత్రం ఆపేముందు ఒక నిమిషం నడవనివ్వండి.

దిగుడులో న్యూట్రల్ చేయడం, ఇంకొందరైతే ఇంజినే ఆపేయడం, ఇది డీజిల్ మిగల్చదు. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి, పంపు డీజిల్ దాదాపు ఆపేస్తుంది. న్యూట్రల్ చేస్తే ఇంజిన్ నిలబడటానికి డీజిల్ తాగాల్సిందే. ఇంజిన్ ఆపితే బ్రేక్‌కి వాక్యూం పోతుంది, రెండు మూడుసార్లు తొక్కాక పెడల్ రాయిలా అవుతుంది. పన్నెండు క్వింటాళ్లతో ఫ్లైఓవర్ దిగుతూ ఆ పెడల్ తొక్కే పరిస్థితి పగవాడికి కూడా వద్దు.

ఎదుట ఎర్ర లైటు కనిపిస్తుంటే దూరం నుంచే కాలు తీసేయండి. ఎర్రలైటు దాకా తొక్కుకుంటూ వెళ్లి బ్రేక్ వేస్తే ఆ వేగం కోసం కాల్చిన డీజిలంతా డ్రమ్ముల్లో వేడైపోతుంది. ఎత్తు మీద ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్‌తో బండిని వేలాడదీయకుండా హ్యాండ్‌బ్రేక్ వాడండి.

స్పీడు విషయానికొస్తే, పెట్రోలియం కన్జర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ ఎప్పటినుంచో చెప్పేది గంటకు 45 నుంచి 55 మధ్య. సిటీలో అంతకన్నా ఎలాగూ పోలేం. తేడా వచ్చేది ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కినప్పుడే. పికప్ ముందు భాగం గోడలాంటిది. 60 నుంచి 80కి పెంచితే గాలి అడ్డు దాదాపు 1.8 రెట్లవుతుంది. ఘట్‌కేసర్ దగ్గర ఎక్కి మేడ్చల్ దగ్గర దిగేలోపు మిగిలేది పది నిమిషాలు కూడా ఉండదు. ఎడమవైపు లేన్‌లో 60, 65 మీద సాఫీగా పోనివ్వండి.

లోడు, దారి

ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు తాటిపత్రి ఒక మూల ఊడి గొడుగులా ఉబ్బుతూ ఉంటుంది, గమనించారా? దాన్ని మడిచి క్యాబిన్ వెనక పెట్టండి. పక్కల ఎత్తుకోసం వేయించిన ఇనుప జాలీ రోజూ అవసరం లేకపోతే బోల్టులతో ఊడేలా చేయించండి. బాడీలో పడి ఉండే పాత స్టెప్నీ, గొలుసులు, చెక్కలు దించండి. వాటి బరువు వల్ల పెద్ద తేడా రాదు గానీ దించడానికి ఖర్చు కూడా లేదు. ఓవర్‌లోడ్ గురించి చెబితే ఎవరూ వినరు, కాబట్టి లెక్క చెబుతాను: ఒక ట్రిప్పులో ఎక్కువ వేసి మిగిల్చిన కిరాయి కమాన్ పట్టీలకూ టైర్లకూ క్లచ్‌కూ తిరిగి కట్టాల్సి వస్తుంది.

చర్లపల్లి నుంచి జీడిమెట్లకు మేం మూడు దారులూ తిరిగి చూశాం. తార్నాక, ప్యారడైజ్, బాలానగర్ మీదుగా పోతే సిగ్నళ్లు. ఈసీఐఎల్, నేరేడ్‌మెట్, అల్వాల్, సుచిత్ర మీదుగా పోతే దూరం తక్కువ, స్పీడు బ్రేకర్లు ఎక్కువ. ఔటర్ మీద దూరం ఎక్కువ, టోల్ అదనం. మాకు కిరాయి లెక్కలో గెలిచింది రెండోదే, అదీ పొద్దున ఎనిమిది లోపు బయల్దేరితే. తొమ్మిదిన్నరకు అదే దారిలో అదే లోడుకు లీటరు ఎక్కువ తాగింది. మీ దారికి మీరే రాసి చూసుకోవాలి.

మా పుస్తకంలో ఇప్పటిదాకా వరస ఇలా ఉంది, మీటర్ తప్పు సరిచేశాక: మొదట 9.3. వెనక బ్రేకులు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ అయ్యాక 10.6. గాలి, అలైన్‌మెంట్ తర్వాత 11. థర్మోస్టాట్ వేశాక 11.3. బావమరిది తాళం తిప్పడం మొదలుపెట్టాక 11.8. వెనక లగ్ టైర్లు ఇంకో రెండు నెలలు వచ్చేలా ఉన్నాయి. అవి దిగాక గుబ్బలు లేకుండా చుట్టూ గాడులుండే రిబ్ టైర్లు వేసి, కిలోమీటరు రాళ్ల దగ్గర మీటర్ మళ్లీ సరిచూసి, ఇంకో ట్యాంకు రాయాలి.